గుట్టకి తీసుకెళ్ళిన బొమ్మ

మా పెద్దమ్మ కూతురి మనవడు మోటారు సైకిలు కొన్నాడు. కొన్న దగ్గర్నుంచీ ఇంట్లో ఎవరో ఒకర్ని వెనక కూర్చోబెట్టుకుని తిప్పకపోతే వాడికి అన్నం సయించడం లేదు. మొన్న ఆదివారం నా వంతు వచ్చింది.

"చిన్నమ్మమ్మా, గుట్ట మీద గుమ్మటం మళ్ళీ బాగుచేస్తున్నారు. పైదాకా సిమెంటు రోడ్డు వేశారు. అలా వెళ్ళి ఇలా వచ్చేద్దాం" అన్నాడు.

ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఫ్లాటు వెనక బాల్కనీలోంచి ఆ గుట్ట కనిపిస్తుంది. బట్టలు ఆరేయడానికి తప్ప నేను ఆ బాల్కనీలో నిలబడను. ఆ సంగతి వాడికి తెలియదు. ఎవరికీ చెప్పలేదు కనక ఎవరికీ తెలియదు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. మోకాళ్ళు పట్టుకుని ఎక్కి కూర్చున్నాను.

మలుపు తిరిగేసరికి గుమ్మటం చుట్టూ ఇనుప గొట్టాల పరంజా కనిపించింది. దాని మీద ఆకుపచ్చ వల. వల మీద బజార్లో కొన్న దిష్టిబొమ్మ మొహం, నాలుక బయటపెట్టి గాలికి ఊగుతోంది. "వెనక్కి తిప్పరా" అన్నాను. "కళ్ళు తిరిగాయా?" అన్నాడు. తిరిగాయనే అన్నాను. వాడు పాపం దారి పొడుగునా నెమ్మదిగా నడిపాడు. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, ఇంక దాచడం దేనికని ఇది రాయడానికి కూర్చున్నాను.

మా చిన్నతనంలో పద్మారావు నగర్‌లో పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. ముందు నాన్న ఉద్యోగానికని గోదావరి పక్క నుంచి వచ్చాడు. ఆయన వెనకాల అమ్మ, నాయనమ్మ, ఆమె వెనకాల ఆవకాయ జాడీలు, ఆఖర్న బాబాయి. బాబాయి అంటే నాన్న తమ్ముడు. పెళ్ళి కాలేదు. జుట్టు మీద శ్రద్ధ ఎక్కువ, నోటి మీద అదుపు తక్కువ. మా వాళ్ళకి పుట్టుకతో వచ్చే వెటకారం బాబాయికి రెండు పాళ్ళు ఎక్కువొచ్చింది. అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పడం ఆయనకి చేతకాదు. "అన్నం తిన్నావా?" అంటే "లేదు, అదే నన్ను తింది" అనే రకం.

ఆయన ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. గుట్ట మీద గుమ్మటం బీటలు వారితే బాగుచేసే పని వాళ్ళకొచ్చింది. అది ఎవరు కట్టించారో, దేనికి కట్టించారో చెప్పేవాళ్ళు లేరు. హిందువులూ ముస్లిములూ కూడా అక్కడ దీపం పెట్టి వచ్చేవారు. దానికి సిమెంటు పనికిరాదట. సున్నమూ ఇసుకా గానుగలో నూరి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి నానబెట్టేవారు. సాయంత్రం ఆయన మోటారు సైకిలు చప్పుడు సందు మొదట్లో వినబడగానే నేను గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. బాబాయి చొక్కా పులిసిన బెల్లం వాసన వేసేది. విప్పి దండెం మీద వేస్తే తెల్లారేసరికి చీమలు బారు కట్టేవి. "పిల్లనిచ్చేవాడు పట్టలేదు గానీ చీమలు పట్టాయి వీణ్ణి" అనేది నాయనమ్మ.

ఒకసారి ఆ చొక్కా జేబులో బెల్లంగడ్డ దొరికితే ఎవరూ చూడకుండా నోట్లో వేసుకున్నాను. దానికి సున్నం అంటుకుని ఉంది. నాలుక పొక్కిపోయింది. నాయనమ్మ వెన్న రాస్తూ, "దొంగతిండికి దేవుడు అక్కడికక్కడే వాత పెట్టాడే" అని నవ్వింది. ఆ ఇంట్లో అప్పుడు అందరం దేనికైనా నవ్వేవాళ్ళం.

ఆ వానాకాలంలోనే పుకారు పుట్టింది. మాకు మొదట చెప్పింది పాలు పోసే ఆమె.

"అమ్మా, పిల్లను బయటికి తోలకుండ్రి. గుట్ట మీద గుమ్మటం నిలుస్తలేదట. పొద్దుగాల కడితే రాత్రికి రాలుతున్నదట. తలకాయలు అడుగుతున్నదట. మోటార్ల మీద తిరుగుకుంట పిల్లలను పట్టుకపోతున్నరట."

స్కూల్లోనూ అదే మాట. సాయంత్రం గంట కొట్టగానే అమ్మలు వచ్చి పిల్లల రెక్కలు పట్టుకుని లాక్కుపోయేవారు. నాన్న నవ్వి కొట్టేశాడు. నాయనమ్మ నవ్వలేదు. "మా చిన్నప్పుడు వంతెన కట్టేటప్పుడూ ఇలాగే అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదు" అంది.

"నిజమేనే అమ్మా" అన్నాడు బాబాయి అన్నం కలుపుకుంటూ. "మొన్న నేనే రెండు తలకాయలు పట్టుకెళ్ళాను. మేకవి. కూర అదిరిపోయింది."

"నోరు ముయ్యరా! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని నాయనమ్మ గరిటె ఎత్తింది. నేను పొలమారేదాకా నవ్వాను. నాకు భయం లేదు. పిల్లల్ని పట్టుకుపోయేవాడెవడో బాబాయికి తెలుసు, బాబాయి నాకు తెలుసు, అంతే నా లెక్క.

తర్వాత కొన్నాళ్ళకి గుమ్మటం లోపలి వైపు నుంచి పెద్ద పెళ్ళ ఊడి ఒక కూలీ చెయ్యి విరిగింది. ఆ కబురు వినగానే నాయనమ్మ తేల్చేసింది. "అంత ఎత్తున కట్టే కట్టడం వచ్చేపోయే ప్రతివాడి కళ్ళలోనూ పడుతుంది. దిష్టిబొమ్మ కట్టకుండా ఎలా మొదలెట్టార్రా? మీ కాంట్రాక్టరుకి తల్లి లేదా?"

బొమ్మ తనే చేస్తానంది. మా వైపు పద్ధతి ప్రకారం దానికి మనిషి తొడిగి విడిచిన బట్టలే వెయ్యాలి. మగవాళ్ళవి పనికిరావు, ఆయుక్షీణం. అందుకని నాకు పొట్టయిపోయిన స్కూలు గౌను తీసింది. గడ్డి కూరిన మేజోళ్ళు కాళ్ళు. వాటికి నా పాత బూట్లు. తలకి మట్టికుండ బోర్లించి, మసితో కళ్ళూ మీసాలూ దిద్ది, నెత్తి మీద జుట్టు అతికించింది. ఆ జుట్టు అమ్మా, నాయనమ్మా, నేనూ దువ్వుకున్నప్పుడు రాలితే గూట్లో చుట్టి దాచిన చిక్కు. నిమ్మకాయలూ ఎండుమిరపకాయలూ గుచ్చి మెడలో వేసింది. కుంకుమ చల్లింది. గౌనులో మీసాలేమిటని నేను పకపకలాడాను. నాయనమ్మ మాత్రం తదేకంగా చేసింది. కట్టేదాకా దాని మొహం పరాయి కళ్ళు చూడకూడదని పాత పంచెతో తలా ఒళ్ళూ చుట్టి, గట్టిగా ముడేసింది. కాళ్ళు మాత్రం బయటికి వేలాడాయి.

మర్నాడు స్కూలుకి సెలవు. బొమ్మని పట్టుకోవడానికి ఒకరు కావాలి. ఎప్పటినుంచో గుట్ట చూపించమని ప్రాణం తీస్తున్నదాన్ని నేనే కనక బాబాయి నన్నే ఎక్కించుకున్నాడు. ముందు బాబాయి, మధ్యలో బొమ్మ, వెనక నేను. జారిపోకుండా దాన్ని రెండు చేతులా కావలించుకున్నాను. నాయనమ్మ వాకిట్లో నిలబడి, "తిన్నగా వెళ్ళి తిన్నగా రా. ఎవరితోనూ ఎకసెక్కాలాడకు" అంది.

మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. ఎదురుగా వచ్చేవాళ్ళు మా వైపు చూసి తలలు తిప్పడం నేను గమనించాను. చూడరా మరి? ఇంత పెద్ద మోటారు సైకిలు, దాని మీద నేను. గర్వంగా ఇంకా నిటారుగా కూర్చున్నాను. గతుకుల్లో బొమ్మ తల బాబాయి వీపుకి కొట్టుకుని వాలిపోయేది. బూట్లు అటూ ఇటూ ఊగేవి.

రైలు గేటు పడింది. పక్కన సైకిలు మీద ఒక కాలు నేల ఆనించి నిలబడ్డ అతను కాసేపు చూసి, మంచిగానే అడిగాడు. "ఏందన్నా, పాపకు జరమొచ్చిందా?"

దిష్టిబొమ్మ తమ్ముడూ అంటే అయిపోయేది. కానీ అడిగినదానికి తిన్నగా చెబితే మా బాబాయి ఎలా అవుతాడు?

"జ్వరం తగ్గిపోయింది తమ్ముడూ. ఇంక ఈ జన్మలో రాదు. గుట్ట అడుగుతోందిగా, ఇచ్చేసి రావడానికి తీసుకెళ్తున్నా."

నేను కిసుక్కుమన్నాను. సైకిలతను నవ్వలేదు. బాబాయిని చూశాడు, వేలాడే బూట్లు చూశాడు, నన్ను చూశాడు. గేటు ఎత్తగానే మేం దుమ్ము రేపుకుంటూ ముందుకి పోయాం.

అక్కడితో వెళ్ళిపోయినా బాగుండేది. దార్లో మిరపకాయ బజ్జీలు వేగే వాసన వచ్చింది. ఆ వాసన దాటి ముందుకెళ్ళే శక్తి మా ఇంట్లో ఎవరికీ లేదు. చెట్టు కింద రేకుల హోటలు. బాబాయి బొమ్మని బల్ల మీద కూర్చోబెట్టి, దాని ముందు కూడా ఒక బజ్జీ పెట్టాడు. "తినవే, ఇదే ఆఖరు" అని బతిమాలాడు. నేను కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వాను, కొంత కారం వల్ల కూడా. బజ్జీలు వేసే ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ వెనక రోడ్డు మీద సైకిలతను తలొంచుకుని గట్టిగా తొక్కుకుంటూ మమ్మల్ని దాటి వెళ్ళాడు.

గుట్ట కింద ఒక చిన్న పేట ఉండేది. దాని మధ్యలోంచే పైకి దారి. మేం వెళ్ళేసరికి వాకిళ్ళలో పిల్లలు లేరు. తలుపులన్నీ మూసి ఉన్నాయి. పొయ్యిల మీద పొగ మాత్రం లేస్తోంది. "ఏమిటిది, ఊరు పడుకుందా?" అన్నాడు బాబాయి. దారికి అడ్డంగా ఎడ్లబండి నిలబెట్టి ఉంది. ఆయన ఆపాడు. ఆపాక ఇళ్ళ వెనకనుంచి మనుషులు వచ్చారు. ఒక్కడూ అరవలేదు. చుట్టూ చేరారంతే.

"ఏడికి?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడిలా కనిపించినాయన.

"పైకండీ. గుమ్మటం పని చూసేది నేనే."

"ఆ మూటల ఏందది?"

"దిష్టిబొమ్మ."

"గేటు కాడ వేరే చెప్పినవంట గదా."

బాబాయి నవ్వాడు. "అయ్యో, అది ఊరికే సరదాకన్నానండీ."

"సరదానా? పొద్దుగాలకెళ్లి మా పేటల పిలగాడు కనపడ్తలేడు. గీమె కొడుకు. ఊరంత పరేషానున్నం. నీకు సరదానా?"

చూపించిన చోట ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. బాబాయి మొహంలో నవ్వు అప్పుడు పోయింది. "చూడండి, విప్పి చూపిస్తాను" అని తనే గబగబా పంచె ముడి విప్పాడు. బొమ్మని చూస్తే అంతా తేలిపోతుందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

కుండ మీద మసి కళ్ళు, కుంకుమ, నిమ్మకాయలు, నిజం జుట్టు, ఆడపిల్ల గౌను. అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు.

"బాణామతిరా" అన్నాడెవడో మెల్లగా.

నాకు కోపం వచ్చింది. మోటారు సైకిలు మీంచి దిగి, గట్టిగా చెప్పాను. "ఆయన మా బాబాయి. మా నాయనమ్మ చేసిందిది. ఆ గౌను నాదే. జుట్టు కూడా మాదే."

"ఇన్నరా? గౌను సుత ఈ పిల్లదేనంట. ఎంట్రుకలు సుత ఈ పిల్లవేనంట. ఇగ మిగిలింది పిల్లనే!"

ఇంటి గుర్తులు చెప్పాను. నాన్న పేరు చెప్పాను. "మంచిగ నేర్పిచ్చిండు" అన్నారు. ఏడుపొచ్చింది. "మందు పెట్టిండు, కండ్లు చూడు ఎట్లున్నయో" అన్నారు. మేం ఏ నిజం చెప్పినా అది మా మీదికే తిరిగింది. బాబాయి చేతులు జోడించి ఏదో అంటున్నాడు. ఆయన చేతులు జోడించడం నేనెప్పుడూ చూడలేదు.

"ముందుగాల పిల్లను పక్కకు తీయుండ్రి" అన్నాడు పెద్దాయన. ఆ మాట ఎంతో దయగా అన్నాడు.

కొడుకు కనపడని ఆ తల్లే వచ్చి నన్ను ఎత్తుకుంది. గింజుకున్నాను. ఒక ఇంట్లోకి తీసుకెళ్ళి, తలుపుకి వీపు ఆనించి కింద కూర్చుని, నా మొహం తన గుండెకి అదుముకుంది. అరచేతులతో నా రెండు చెవులూ మూసింది. చేతులు ఉల్లిపాయ వాసన వేస్తున్నాయి. పెనం మీద జొన్నరొట్టె మాడుతోంది. ఆమె గుండె దడదడా కొట్టుకోవడం తప్ప నాకింకేమీ వినిపించలేదు. ఆమె గొంతు గుండెలోంచే వచ్చినట్టుంది. "భయపడకు బిడ్డా, నేనున్న. నిన్నెవ్వరు ముట్టరు. నేనున్న."

ఆమె చెయ్యి కొరికాను. నోట్లోకి రక్తం వచ్చేలా కొరికాను. ఆమె వదల్లేదు.

"కొరుకు బిడ్డా, కొరుకు. లోపలి మందు దిగాలె" అంది, నా తల నిమురుతూ.

ఎంతసేపో తెలియదు. గుట్ట మీంచి పనివాళ్ళు చూసి దిగివచ్చారట. వాళ్ళ ముసలి మేస్త్రీ ముస్లిం. మోచేతుల దాకా సున్నంతో వచ్చి, "అరే, ఏం జేస్తున్నరురా, ఆయన మా సారు!" అని బాబాయి మీద అడ్డంగా పడిపోయాడట. ఆయనకీ నాలుగు దెబ్బలు తగిలాకే అందరూ ఆగారట. తలుపు తీసేసరికి పేటంతా నేల చూస్తూ నిలబడి ఉంది. బొమ్మ గడ్డి దారంతా చెదిరి ఉంటే ఒక మేక మేస్తోంది. సైకిలతను పడిపోయిన మోటారు సైకిలుని లేపి, స్టాండు వేసి, సీటు మీద దుమ్ము తన తువ్వాలుతో తుడుస్తున్నాడు. బాబాయిని ఎడ్లబండి మీద పడుకోబెట్టారు. జుట్టుని బట్టి గుర్తుపట్టాను.

దవడ విరిగింది. ఒక చెవికి వినికిడి పోయింది. నాన్న పోలీసుల చుట్టూ తిరిగాడు. కొట్టినవాళ్ళెవరని అడిగితే పేటంతా అని చెప్పాలి. అలా చెబితే ఎవరూ కాదనే రాసుకుంటారు. కనపడని పిల్లవాడు ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు. తల్లి తిట్టిందని అలిగి పక్క ఊళ్ళో అమ్మమ్మ దగ్గరికి పోయాడట. నాయనమ్మ దేవుడి ముందు కూర్చోవడం మానేసింది. గూట్లో మిగిలిన చిక్కుజుట్టు తీసి పొయ్యిలో వేసింది. ఆ కంపు రెండు రోజులు ఇంట్లోంచి పోలేదు.

కొన్నాళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం, నా చెవులు మూసిన ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. ముసలి మేస్త్రీని అడిగి దారి తెలుసుకుందట. చంకలో గుడ్డమూట, అందులో సర్వపిండి రొట్టెలు, పక్కన కొడుకు. ముందుగదిలో బాబాయి మంచం మీద దవడకి కట్టుతో ఉన్నాడు. మాట్లాడకూడదన్నారు డాక్టరు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. నాయనమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"బిడ్డ మంచిగున్నదా అమ్మా?" అంది ఆమె. బాబాయి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "పొరపాటైంది. మొగోళ్ళు ఆగుతరా, చెప్పుండ్రి. బిడ్డకైతే ఏం గాలే, గదే సంతోషం. నీ బిడ్డను నేను కాపాడిన. గందుకే నా బిడ్డను దేవుడు పొద్దుమీకి ఇంటికి తోలిండు."

ఆ మాటకి జవాబివ్వగలిగినవాడి నోరు కట్టేసి ఉంది. బాబాయి చెయ్యెత్తి, ఆవిడకి మంచినీళ్ళు ఇవ్వమని నాయనమ్మకి సైగ చేశాడు.

ఆమె నీళ్ళు తాగి, నన్ను ఒళ్ళోకి తీసుకుంది. చేతి మీద నా పళ్ళ గాటు మానుతోంది. అది అందరికీ చూపించింది. "చూడుండ్రి, ఎట్ల కొరికిందో! కుక్కపిల్ల తీర్గ!" అని నవ్వింది. ఆమె కొడుకు నవ్వాడు. ఏం చెయ్యాలో తోచక నాయనమ్మ కూడా నవ్వింది. బాబాయికీ నవ్వొచ్చింది. వెంటనే నొప్పికి రెండు చేతులతో దవడ పట్టుకున్నాడు. కట్టు విప్పాక కూడా ఆయన హాస్యం ఆడటం మేం వినలేదు. ఏదడిగినా తిన్నగా జవాబు చెప్పేవాడు. తిన్నావా అంటే తిన్నాననేవాడు. ఆయన పోయేదాకా అంతే.

ఆ పేట ఇప్పుడు లేదు. అక్కడంతా అపార్ట్‌మెంట్లు లేచాయి. కొట్టినవాళ్ళ మొహాలు ఒక్కటీ నాకు గుర్తులేవు, వాళ్ళ మీద కోపం కూడా ఎప్పుడో చల్లారిపోయింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని ఎన్నోసార్లు చూశాను. రాదు. వట్టి చేతులతో అందరికీ అడ్డం నిలబడి నన్ను కాపాడాననే ఆమె నమ్మింది. నిజంగా దొంగ ఎత్తుకుపోతున్న పిల్లనైతే ఆమె కాళ్ళకి మొక్కాల్సిందే. పిల్లల్నీ మనవల్నీ ఎత్తుకున్నాను గానీ, ఏడుస్తున్న ఏ పిల్ల చెవులూ నేనెప్పుడూ మూయలేదు. అంత గట్టిగా, అంత ప్రేమగా నన్ను మా అమ్మ కూడా ఎప్పుడూ పట్టుకోలేదు. నా జన్మలో నేను అంత భయపడిందీ ఆ చేతుల్లోనే.